రాతి సిపాయి బూట్లు

ఇది చాలా చిన్న కథ. బూటుకి తాడు కట్టుకునేంతలో అయిపోతుంది. ఊరి మధ్య ఒక రాతి సిపాయి, ఏటా అరిగిపోయే అతని బూట్లు, వాటికి కొత్త సోళ్లు వేసే ఇంట్లో ఒక కోడలు. అంతే. కాకపోతే రాతి మనిషికి తోలు బూట్లేమిటని ఎవరో ఒకరు అడుగుతారు గనక, ముందు ప్రెసిడెంటు గారి సంగతి చెప్పాలి. ఆయన సంగతి ఎత్తుకుంటే చిన్నగా తెమిలేది ఏదీ ఉండదు. ఒకసారి "రెండు ముక్కలు చెప్పి కూర్చుంటాను" అని లేచాడు. ఆయన కూర్చునేలోగా పట్నం వెళ్లిన బస్సు తిరిగి కూడా వచ్చేసింది.

యుద్ధానికి ఆ ఊరి నుంచి ఎనిమిది మంది వెళ్లారు. ఏడుగురు పోయారని ఏడు కాగితాలు వచ్చాయి. ఎనిమిదోవాడి గురించి వచ్చిన కాగితంలో "ఆచూకీ తెలియలేదు" అని మాత్రం ఉంది. ప్రెసిడెంటు గారు ఊరి మధ్య ఒక సిపాయి బొమ్మ నిలబెట్టి, దాని కింద పలక మీద పేర్లు చెక్కించాలన్నాడు. శిల్పికి చూపించడానికి ఎవరి ఇంట్లోనో గోడకున్న సిపాయి ఫొటో ఇచ్చారు. ఆ ఫొటో మోకాళ్ల దగ్గర తెగిపోయి ఉంది. ఫ్రేము చిన్నదైందని కత్తిరించారట. మోకాళ్ల పైన ఫొటోలో ఉన్నట్టే చెక్కాడు శిల్పి, కింద తనకు తోచినట్టు చెక్కాడు. అతను పుట్టి బుద్ధెరిగాక కాలికి ఏదీ తొడుక్కోలేదు. అందుచేత టోపీ, బెల్టు, తుపాకీ అన్నీ అమరిన సిపాయికి కింద ఐదేసి వేళ్లతో చక్కటి పాదాలు వచ్చాయి.

"పటాలం వాడు ఉత్తకాళ్లతో నిలబడతాడా? నలుగురూ నవ్వరూ?" అన్నాడు ప్రెసిడెంటు గారు. అప్పటికే నలుగురూ నవ్వేశారు. ఆ తర్వాతే చెప్పుల తాతని పిలిపించి తోలు బూట్లు కుట్టమన్నారు. రాతి కాళ్లు పైకి లేవవు గనక తాత బూట్లను వెనకవైపు చీల్చి తాడుతో బిగించేలా కుట్టాడు.

బొమ్మ నిలబెట్టి ఏడాది తిరిగిన రోజున కడుగుదామని బూట్లు విప్పితే, సోళ్లు చిల్లులు పడేదాకా అరిగి ఉన్నాయి. బొమ్మ కదలగా చూసినవాళ్లు లేరు. చూద్దామని కూర్చున్నవాళ్లూ లేరు, ఎవరి పనులు వాళ్లకున్నాయి. ఒకరిద్దరు మాత్రం "రోడ్డు ఇలా తగలడితే అరక్క ఏం చేస్తాయి?" అని ప్రెసిడెంటు గారిని తిట్టారు. బూట్లు తాత దుకాణానికి వెళ్లాయి. కోడలి సంగతి ఇక్కణ్ణుంచి మొదలవుతుంది.

తాత దుకాణం బస్సులు ఆగే చోటుకి ఎదురుగా ఉంటుంది. ఆయన చూపు ఎప్పుడో మసకబారింది. పని చెయ్యి చేస్తుంది, చదవడం బొటనవేలు చేస్తుంది. అరిగిన చెప్పు మీద బొటనవేలు ఆనించి ఒక్కసారి తిప్పితే చాలు, అది ఎవరిదో, ఆ మనిషి ఎక్కడ తిరుగుతున్నాడో చెప్పేస్తాడు. "బడికి మట్టి దారి కదా పంతులుగారూ, తమ చెప్పుల్లో ఈ కంకర ఎక్కడిది?" అని అందరి ముందూ అడిగాడోసారి. ఊళ్లో కంకర ఉన్నది ఒక్క పేకాట క్లబ్బు ముందే. పంతులుగారు అప్పట్నుంచి క్లబ్బుకి చెప్పులు చేత్తో పట్టుకుని వెళుతున్నాడు.

ఆచూకీ తెలియని ఎనిమిదోవాడు ఈ తాత కొడుకే. ఏడేళ్లప్పుడు మిల్లు గోడ మీంచి పడ్డాడు. ఎడమకాలు అతుక్కుంది గానీ వెంట్రుకవాసి పొట్టిదైంది. పటాలం డాక్టరు టేపు పెట్టి కొలిచినా ఆ తేడా దొరకలేదు. చెప్పుకి మాత్రం దొరికేది. ఎడమ మడమ బయటి అంచు ముందు అరిగిపోయేది. అందుకని తాత వాడికి ఏది కుట్టినా ఎడమ మడమకి బయటివైపు ఒక పొర తోలు ఎక్కువ వేసేవాడు.

వాడు వెళ్లేనాటికి కోడలు కాపురానికి వచ్చి ఐదు నెలలు. వాడి ముఖం కంటే ముందు ఆమెకు వాడి నడక అలవాటైంది. వీధి మలుపులో టక్కుమని ఒకటి, తర్వాత కాస్త మెత్తగా ఒకటి. ఆ చప్పుడు వింటే పొయ్యి మీద గిన్నె పెట్టేది. కాగితం వచ్చాక ఊళ్లో కొందరు "పారిపోయి ఉంటాడు" అన్నారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, ఊసుపోక అన్నారు. కానీ అన్న మాట అంటుకుపోయింది. "పారిపోయినవాడి నాన్న దుకాణం ముందు ఆపు" అని బస్సు కండక్టరుతో చెప్పేవాళ్లు కూడా తయారయ్యారు. పోయినట్టు కాగితం ఉంటేనే పేరు చెక్కుతామన్నాడు ప్రెసిడెంటు గారు. అలా పలక మీద ఏడు పేర్లే పడ్డాయి.

తాత మాత్రం బస్సు ఆగినప్పుడల్లా చేతిలో పని ఆపి, దిగేవాళ్ల పాదాల వైపు చెవి పెట్టేవాడు. బస్సు వెళ్లాక కోడలితో అనేవాడు. "ఇందులో రాలేదమ్మా. సాయంత్రం బస్సు ఉందిగా."

మొదటి ఏడాది రాతి సిపాయి బూట్లు వచ్చినప్పుడు తాత క్షవరానికి వెళ్లాడు. కోడలు పెరట్లో కూర్చుని సోళ్లు ఊడదీసింది. కుట్ల సందుల్లో ఆ చుట్టుపక్కల ఎక్కడా లేని తెల్లటి ఇసుక ఉంది. ఎడమ సోలు తిప్పి చూసింది. మడమ బయటి అంచు కాగితంలా అయిపోయింది.

ఆమెకు అర్థమైంది. రాతి కాళ్లతో నడిచేది పోయినవాళ్లే గానీ ఉన్నవాళ్లు కాదు.

ఏడుద్దామనుకుంది. బయట బస్సు హారను వినిపించింది. తాత వచ్చి బొటనవేలు పెడతాడు, తర్వాత సాయంత్రం బస్సు కోసం చెవి పెట్టడు. ఆ ముసలాయన ప్రాణం రోజూ వచ్చే ఆ రెండు బస్సుల మీద నడుస్తోంది. ఆమె లేచి ఆకురాయి తెచ్చింది. ఎడమ మడమతో సమానంగా అన్ని అంచులూ రుద్దింది. పక్కనే ఉన్న పిండిమిల్లు పెద్దమ్మ కొడుకు, పలక మీద మొదటి పేరు వాడిదే, ఒక కాలి వేళ్లు నేలకి ఈడుస్తూ నడిచేవాడు. ఆ కాలి సోలుకి వేళ్ల దగ్గర బాగా రుద్దింది. అదృష్టం కొద్దీ అప్పుడే మిల్లు మొదలైంది, ఆకురాయి చప్పుడు ఎవరికీ వినపడలేదు.

తాత వచ్చాడు. సోళ్లు ఒళ్లో పెట్టుకుని బొటనవేలు తిప్పాడు. చాలాసేపు తిప్పాడు.

"మిల్లు పెద్దమ్మ కొడుకు" అన్నాడు. "వాడే నడుస్తున్నాడు."

ఊరు ఊరంతా మిల్లుకి పరిగెత్తింది. పెద్దమ్మ సోళ్లు తీసుకుని కళ్లకద్దుకుని గోడకి మేకు కొట్టి తగిలించుకుంది. దాంతో అదొక ఆనవాయితీ అయి కూర్చుంది. ఏటా ఆ రోజు దుకాణం ముందు జనం చేరతారు, తాత బొటనవేలు పెడతాడు, ఆ ఏడు నడిచినవాడెవడో చెబుతాడు, ఆ ఇంటివాళ్లు సోళ్లు పట్టుకెళతారు. తమవాడి వంతు ఇంకా రాలేదని అలిగినవాళ్లున్నారు. వచ్చేవరకు ప్రెసిడెంటు గారితో మాట్లాడనన్న ఒక తండ్రి మూడేళ్లు మాట్లాడలేదు. ఆ మూడేళ్లు ప్రెసిడెంటు గారి సభలకు ఒక శ్రోత తగ్గాడు. ఉన్నదే నలుగురు.

ఏటా కోడలు ముందు ఊడదీసేది. ఏటా అదే ఎడమ మడమ. ఏటా ఆకురాయి. ఏటా సరిగ్గా అదే వేళకి మిల్లు మొదలయ్యేది. మారింది మట్టి ఒక్కటే. రెండో ఏడు తెల్ల ఇసుక పోయి ఎర్రమట్టి వచ్చింది. తర్వాత నల్లరేగడి. తర్వాత ఇటుకబట్టీల దుమ్ము. వాడు వస్తున్నాడని ఆమెకు తెలుస్తూనే ఉంది. మెల్లగా, ఎడమ మడమ మీద వాలుతూ వస్తున్నాడు.

ఈలోగా ఊళ్లో టైలరు సంగతి ఒకటుంది. అతని భార్య పోయి చాలా కాలమైంది. మంచివాడు, కాకపోతే మాట గొంతులో ఉండిపోతుంది, చేతికి మాత్రం వస్తుంది. అడగకుండానే కోడలి జాకెట్లకి కుట్లు గట్టిగా వేసేవాడు. రోజంతా మెషీను తొక్కుతూ కూర్చుంటాడు గనక అతని చెప్పులు కుడి మునివేళ్ల దగ్గర తప్ప అరగవు. అయినా నెలకోసారి బాగుచేయించడానికి తెచ్చేవాడు.

"దీనికేమైందయ్యా?" అనేవాడు తాత.

"కొంచెం... వదులైనట్టుందండి."

"చెప్పా, నువ్వా?"

రెండుసార్లు అతను అసలు మాట, పెళ్లి మాట, అడిగాడు. రెండుసార్లూ కోడలు ఒకటే చెప్పింది. "ఆయన వచ్చాక అడిగి చెప్తానండి." టైలరు తలూపి, బాగున్న చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఏడేళ్లకి ఏడు ఇళ్ల వంతులూ అయిపోయాయి. ఎనిమిదో ఏడు వచ్చింది. సోళ్ల రోజుకి వారం ముందు ఒక లారీ వెనక్కి వస్తూ బొమ్మ కింది పలకని గుద్దింది. సిపాయికి ఏమీ కాలేదు, పేర్లున్న రాయి ముక్కలైంది. కొత్త రాయి తెప్పించి అదే శిల్పిని పిలిచారు. అతను రెండు రోజులే ఉంటానన్నాడు. ప్రెసిడెంటు గారు దండోరా వేయించాడు. "పేర్లు ఏవన్నా కలపాలంటే ఇప్పుడే. మళ్లీ లారీ గుద్దేదాకా కుదరదు."

సోళ్ల రోజు పొద్దున కోడలు పెరట్లో కూర్చుంది. బూట్లు ముందు పెట్టుకుంది, ఆకురాయి పక్కన పెట్టుకుంది. ఎవరిది రుద్దాలి? మళ్లీ మొదటి ఇంటికి వెళితే రెండో విడత, ఇంకో ఏడేళ్లు సాగుతుంది. అప్పటిదాకా తాత ఉండడు. కొడుకు పేరు రాయి మీద లేకుండా, పారిపోయినవాడి నాన్నగానే పోతాడు. రుద్దకపోతే ఇవాళ సాయంత్రం బస్సుతో ఆయనకి పనుండదు.

సోలు ఊడదీసింది. కుట్ల సందుల్లో ఊరి కాలవ బురద ఉంది. ఆ బురదలో ఏదో తళుక్కుమంది. గోటితో గిల్లి చూసింది. పొట్టు. మిల్లు వాకిట్లో పడే గోధుమ పొట్టు.

పక్కన మిల్లు మొదలైంది. ఆమె ఆకురాయి ఎత్తింది. వాడు గుమ్మం పక్కదాకా వచ్చేశాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. మిల్లు తిరుగుతూనే ఉంది, తిరుగుతూనే ఉంది, ఆఖరికి ఆగింది. గోడ మీంచి పెద్దమ్మ తల పైకి వచ్చింది, కనుబొమల దాకా పిండి.

"ఏమే, అయిందా? బెల్టు తెగేలా ఉంది."

"ఏం... ఏమయిందా అని పెద్దమ్మా?"

"రుద్దడం. ఏటా ఇవాళ ఖాళీ మిల్లు ఎందుకు తిప్పుతున్నాననుకున్నావు, నాకు పనిలేకా? ఆ బరబరలు ముసలాయన చెవిన పడకూడదని."

కోడలు ఆకురాయి దించి అడిగింది. "ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి ఏడే. మావాడు ఈడ్చింది కుడికాలే పిల్లా. నువ్వు ఎడమదానికి రుద్ది ఇచ్చావు."

ఊడదీసిన సోలు బోర్లా పెడితే ఎడమది కుడిదానిలా కనిపిస్తుంది. పనికి కొత్తవాళ్లు చేసే తప్పు. ఏడేళ్ల కిందట తను చేసిన ఆ తప్పు ఆమెకు ఇప్పుడు కనిపించింది.

"తెలిసీ గోడకి తగిలించుకున్నావా?"

"తగిలించుకోక! మావాడు ఎక్కడ పడ్డాడో అక్కడే ఉన్నాడు. రాయి మీద పేరుంది, వాడికి తిరగాల్సిన పని లేదు. మీవాడు నడుస్తున్నాడని తెలిసింది. ఎవడో ఒకడు నడుస్తున్నాడు కదా, ఎవరి కొడుకైతేనేం. పొద్దున్నే లేచి ఆ సోళ్లు చూసుకుని మిల్లు వేసుకుంటున్నాను." పెద్దమ్మ పైటతో మొహం తుడుచుకుంది. పిండి ఇంకాస్త పరుచుకుంది. "ఎంత దూరం వచ్చాడు?"

కోడలు అరచెయ్యి చాపింది. పెద్దమ్మ ఆ పొట్టు వైపు చూసింది.

"మా వాకిట్లోదే" అంది. తల గోడ వెనక్కి వెళ్లిపోయింది. మిల్లు మళ్లీ మొదలవలేదు.

కోడలు ఆకురాయిని గూట్లో పెట్టింది. సోళ్లు కడగను కూడా కడగకుండా పట్టుకెళ్లి తాత ఒళ్లో పెట్టింది.

దుకాణం ముందు ఊరంతా ఉంది. రెండో విడత ఏ వరసలో రావాలన్నదాని మీద పంతులుగారు, ప్రెసిడెంటు గారు వాదించుకుంటున్నారు. శిల్పి ఒక పక్కన ఉత్తకాళ్లతో కూర్చుని ఉన్నాడు. తాత బొటనవేలు ఎడమ మడమ మీద పెట్టాడు. తిప్పలేదు. అక్కడే ఉంచేశాడు. తర్వాత తలెత్తి కోడలున్న వైపు చూశాడు. మసక కళ్లే అయినా సూటిగా ఆమెనే చూశాడు.

"ఎవరు తాతా?" అన్నారు.

"మావాడు" అన్నాడు తాత.

"మావాడంటే? ఆ పారిపోయి..." ప్రెసిడెంటు గారు మాట సగంలో మింగేశాడు.

"పారిపోయేవాడు అటు నడుస్తాడు ప్రెసిడెంటు గారూ. వీడు ఇటు నడిచాడు." తాత కుట్టులోంచి బురద గిల్లి ఆయన అరచేతిలో పెట్టాడు. "చూడండి, ఏ ఊరిదో."

ప్రెసిడెంటు గారు చూశాడు. ఆయన ఏమీ మాట్లాడకుండా ఉండటం ఊరు చూడటం అదే మొదలు. అందరికీ కాస్త భయం కూడా వేసింది. కాసేపటికి శిల్పి వైపు తిరిగి "ఎనిమిది" అని ఒక్కమాట అన్నాడు. ఆ బురద కింద పారెయ్యలేక, ఇంటిదాకా అరచేతిలోనే పట్టుకెళ్లాడు.

సాయంత్రానికి ఎనిమిదో పేరు పూర్తయింది. దుకాణంలో ఇద్దరే మిగిలారు.

"మామయ్యా, ఇన్నేళ్లూ..."

"తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"ఆకురాయి ఒకవైపే కోస్తుంది. దారి అన్నివైపులా కోస్తుంది. పై పొర గీకేసినా, కాలు మోపిన బరువు లోపలి పొరకి గుర్తుంటుంది. పైగా గింజ లేకుండా తిరిగే మిల్లు చప్పుడు నాకు తెలియదూ?"

"తెలిసి మరి రోజూ బస్సు కోసం ఎందుకు..."

"నువ్వు అంత కష్టపడి రుద్దుతున్నావు. నీకు ఇంకా ఆశ ఉందేమో, దాన్ని నేను చెడగొట్టడం ఎందుకనుకున్నాను."

"నేను మీకోసం రుద్దాను మామయ్యా."

"నేను నీకోసం విన్నాను."

సాయంత్రం బస్సు వచ్చి ఆగింది. ఎనిమిదేళ్ల అలవాటు కొద్దీ తాత చేతిలో పని ఆపాడు. నాలుగు జతల కాళ్లు దిగాయి. బస్సు వెళ్లిపోయింది. తాత లేచి, తను కూర్చునే పీటని గోడవైపు తిప్పుకుని, వీధికి వీపు పెట్టి మళ్లీ కూర్చున్నాడు. కోడలు అప్పుడు ఏడ్చింది. ఆయన అడ్డు చెప్పలేదు, తిరిగి చూడలేదు. ఆయన భుజాలు కూడా అంత నిలకడగా ఏమీ లేవు.

ఆ నెలలో టైలరు చెప్పులు తెచ్చినప్పుడు, తాత వాటిని ముట్టుకోకుండానే తిరిగిచ్చాడు. "ఈసారి చెప్పులు వద్దు. మాట ఉంటే తీసుకురా."

టైలరుకి ఆ మాట తేవడానికి ఏడు నెలలు పట్టింది. ఆమె కాదంటుందని ఊళ్లో అందరూ అనుకున్నారు, పంతులుగారైతే పందెం కూడా కాశాడు. ఆమె సరేనంది. టైలరే మెషీను నెత్తిన పెట్టించుకుని వీళ్లింటికి వచ్చేశాడు. దుకాణంలో సగం బట్టలు, సగం తోలు. ఊరివాళ్లు నాలుగు రోజులు నవ్వుకుని ఆ తర్వాత అక్కడే రెండు పనులూ చేయించుకోవడం మొదలుపెట్టారు.

తొమ్మిదో ఏడు జనం చేరారు. బూట్లు విప్పారు. సోళ్లు కుట్టినవి కుట్టినట్టే ఉన్నాయి. ఒక్క గీత కూడా లేదు. తాత బొటనవేలు తిప్పి, "ఎవరూ నడవలేదు" అన్నాడు. కాసేపు నిలబడి ఎవరిళ్లకి వాళ్లు వెళ్లారు. మిల్లు పెద్దమ్మ గోడ మీది సోళ్లు మాత్రం తియ్యలేదు. మిగతా ఆరిళ్లవాళ్లూ తియ్యలేదు.

ఆ మధ్యాహ్నమే టైలరు చెప్పులు బాగుచేయడానికి వచ్చాయి. ఈసారి నిజంగానే తెగాయి. ఆమె పెరట్లో కూర్చుని సోళ్లు ఊడదీసింది. ఒకసారి తిప్పి చూసింది. బోర్లా పెట్టలేదు కదా అని ఇంకోసారి చూసుకుంది. కుడి మునివేళ్ల దగ్గర ఎప్పుడూ ఉండే అరుగుదల లేదు. ఎడమ మడమ బయటి అంచు కాగితంలా అయిపోయింది. ఆమె ఆకురాయి జోలికి పోలేదు. సోళ్లు తెచ్చి తాత చేతిలో పెట్టింది.

తాత బొటనవేలు మడమ మీద ఆగింది.

"ఎవరివి మామయ్యా?"

వీధి మలుపులో టైలరు తాత చెప్పులు తొడుక్కుని వస్తున్నాడు. టక్కుమని ఒక అడుగు, తర్వాత కాస్త మెత్తగా ఒకటి.

"మీ టైలరువి" అన్నాడు తాత. ఎడమ మడమకి బయటివైపు ఒక పొర తోలు ఎక్కువ వేసి, కుట్టి ఇచ్చేశాడు.